క్రౌడ్ ఫండింగ్ పేజీకి కథ రాయడం: మా డీటీపీ షాపులో చేసే పద్ధతి

తిరుపతిలో రుయా ఆసుపత్రికి కూతవేటు దూరంలో, ఒక సందులో మాది డీటీపీ, జిరాక్స్ షాపు. ఆధార్ కాపీలు, బాడుగ అగ్రిమెంట్లు, పెళ్లి పత్రికలు మా రోజువారీ పని. కొన్నేళ్లుగా దానికి ఇంకో పని వచ్చి చేరింది. "అక్కా, ఆన్‌లైన్లో డబ్బులు అడుగుతారంట కదా, దానికొక మేటరు టైపు చేసియ్యి" అంటూ వస్తారు. ఆసుపత్రి నుంచి వచ్చేవాళ్లే ఎక్కువ. శ్రీకాళహస్తి నుంచి కలంకారీ పనివాళ్లు వచ్చారు. పుత్తూరు వైపు నుంచి బడి పంతులు ఒకాయన వచ్చారు.

మిలాప్, కెట్టో, ఇంపాక్ట్ గురు లాంటి సైట్లలో ఫారం నింపడం పెద్ద విద్యేమీ కాదు. పాన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్, ఆసుపత్రి ఎస్టిమేట్ స్కాన్ చేసి ఎక్కిస్తే అయిపోతుంది. మధ్యలో "మీ కథ చెప్పండి" అని ఒక ఖాళీ పెట్టె వస్తుంది చూడండి, అందరి చేతులూ అక్కడే ఆగిపోతాయి. కాసేపు ఆలోచించి రాసేది కూడా దాదాపు ఒకటే ఉంటుంది: "దాతలకు నమస్కారములు. మాది నిరుపేద కుటుంబము. మీకు తోచినంత సాయం చేసి ఆదుకోగలరని ప్రార్థన."

ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. కానీ చదివేవాళ్లకు మనిషి కనబడడు, ఖర్చు కనబడదు, తాము పంపే ఐదొందలు ఎక్కడికి పోతుందో కనబడదు. ఈ మూడూ కనబడేట్టు ఎట్లా రాయాలో నాకు తెలిసినంతలో చెబుతాను.

కూడిక ముందు, కథ తర్వాత

కథ అనగానే జనం కన్నీళ్లతో మొదలుపెడతారు. నేను తెల్లకాగితం మీద కూడికతో మొదలుపెడతాను. ఎంత కావాలి, దేనికి కావాలి, ఎప్పటిలోగా కావాలి అనేవి తేలేదాకా కీబోర్డు ముట్టను.

ఆటో తోలే అన్న ఒకాయన వచ్చాడు. నడుముకు బెల్టు, చేతిలో ఎక్స్‌రేల కవరు. వెన్నెముకకు ఆపరేషన్ అయింది. రాసుకొచ్చిన కాగితంలో "వైద్య ఖర్చుల నిమిత్తం 5 లక్షలు" అని ఉంది. కాగితాలు తిరగేస్తే ఆపరేషన్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఉచితంగానే జరిగింది. మరి ఐదు లక్షలు ఎందుకన్నా అంటే, "అందరూ అంతే పెడతాండారు కదక్కా" అన్నాడు.

కూర్చోబెట్టి ఒక్కొక్కటే అడిగాను. ఆరు నెలలు ఆటో తోలొద్దన్నాడు డాక్టరు. ఆటో ఫైనాన్సులో ఉంది, కంతు నెలకు 7,200. ఇంటి బాడుగ 4,500. మందులూ ఫిజియోథెరపీ కలిపి 3,000. ఆరు నెలలకు మొత్తం 88,200 తేలింది. సైటువాళ్ల ఫీజు, పేమెంట్ గేట్‌వే చార్జీ, వాటి మీద జీఎస్టీ పోగా చేతికి అంత రావాలంటే 95,000 అడగాలి. ఈ కోత సైటును బట్టి మారుతుంది. కొన్ని సైట్లు మన దగ్గర ఫీజు పట్టుకోకుండా, ఇచ్చేవాళ్లను టిప్ అడుగుతాయి. పేజీ తెరవకముందే ఆ షరతులు చదువుకోండి.

"మరి తిండి ఖర్చో?" అని అడిగితే కొంచెం రోషంగానే, "సంగటికి మా ఆడమనిషి సంపాదన చాలక్కా, నాలుగిళ్లల్లో చేస్తాంది" అన్నాడు. ఆ మాటను పేజీలోకి ఎక్కించాను. ఆయన ఒప్పుకున్నాక పెట్టిన మేటరు ఇది:

"నేను తిరుపతిలో పన్నెండేళ్లుగా ఆటో తోలుతున్నాను. బస్టాండు నుంచి అలిపిరికి యాత్రికులను దింపుతాను. మార్చిలో నా వెన్నెముకకు ఆపరేషన్ అయింది. అది ప్రభుత్వ పథకం కింద ఉచితంగా జరిగింది, దానికి నేను డబ్బు అడగడం లేదు. ఆరు నెలలు ఆటో తోలొద్దని డాక్టరు చెప్పారు. ఆటో మీద నెలకు 7,200 కంతు ఉంది. వరసగా మూడు కంతులు తప్పితే ఫైనాన్సువాళ్లు బండి తీసుకుపోతారు. బండి పోతే, నడుము బాగైనా నాకు పని ఉండదు. ఇంట్లో తిండికి నా భార్య సంపాదన సరిపోతుంది. నాకు కావాల్సింది ఆరు నెలల కంతు, బాడుగ, మందుల ఖర్చు, మొత్తం 88,200. సైటు ఫీజు కలిపి 95,000 పెట్టాము. సెప్టెంబరులో మళ్లీ బండి ఎక్కుతాను."

ఇందులో ఎక్కువ పని చేసే వాక్యం "దానికి నేను డబ్బు అడగడం లేదు" అనేది. మన రాష్ట్రంలో వైద్యం పేరు చెప్పి డబ్బు అడిగితే ఎవరైనా మొదట వేసే ప్రశ్న "ఆరోగ్యశ్రీలో రాదా?" అనే. పథకం పేరు మారినా అడిగేవాళ్లు పాత పేరుతోనే అడుగుతారు. ఆ ప్రశ్నకు పేజీలో జవాబు లేకపోతే మనకు ఫోన్ చేసి కనుక్కోరు, పక్కకు జరిపేస్తారు. మీ చికిత్స పథకంలోకి రాకపోతే, రాదని ఆసుపత్రి ఇచ్చిన కాగితం పెట్టండి. కొంత వచ్చి కొంత రాకపోతే ఎంత వచ్చిందో రాయండి. సీఎం రిలీఫ్ ఫండ్‌కు అర్జీ పెట్టుకుని ఉంటే అదీ రాయండి. దాచిపెడితే, తర్వాత ఎవరో ఒకరు బంధువే బయటపెడతాడు.

ఇంకో సంగతి గమనించారా? "నిరుపేద" అన్న మాట ఎక్కడా లేదు. కంతు తప్పితే బండి పోతుందని చెప్పాక ఆ మాట అక్కర్లేదు.

ఒక్క మనిషిని చూపించండి

పుత్తూరు వైపు బడి పంతులు గారు లైబ్రరీ కోసం వచ్చినప్పుడు చక్కగా లెక్కలు తెచ్చారు. మండలంలో ఎన్ని బడులు, ఎంతమంది పిల్లలు, అందులో తెలుగు తప్పులు లేకుండా చదవగలిగేవాళ్లు ఎంతమంది. రెండు పేజీల టేబుల్. నేను అది పక్కన పెట్టించి "మీ బడిలో బాగా చదివే పిల్ల ఎవరు సార్?" అని అడిగాను. అప్పుడు ఆయన ముఖం మారింది. ఆరో తరగతి పిల్ల ఒకతి ఉందట. బడిలో పుస్తకాల బీరువా తాళం హెడ్‌మాస్టరు దగ్గర ఉంటుంది. పుస్తకం పోతే స్టాకు రిజిస్టరులో జవాబు చెప్పుకోవాలని ఎవరూ తాళం తీయరు. చదవడానికి ఏమీ దొరక్క ఆ పిల్ల సారు బల్ల మీదున్న పంచాంగం మొత్తం చదివేసింది. ఇప్పుడు బడికంతా రాహుకాలం, వర్జ్యం చెప్పేది ఆ పిల్లే. అయ్యవార్లు కూడా ఆమెనే అడుగుతారంట.

కథ అక్కడ ఉంది. పేజీ మొదటి వాక్యం "మా ఆరో తరగతి పిల్లను అడగండి, ఈ రోజు రాహుకాలం ఎప్పుడో చెబుతుంది" అని పెట్టాము. టేబుల్ తీసేశాము. పంతులు గారికి ప్రాణం ఒప్పలేదు. కనీసం కింద అయినా పెట్టమన్నారు.

కింద కూడా ఎందుకు వద్దన్నానంటే, మా అన్న కూతురు చెప్పిన సంగతి ఒకటి ఉంది. ఎస్వీ యూనివర్సిటీలో సైకాలజీ చదివింది. డెబొరా స్మాల్, జార్జ్ లోవెన్‌స్టీన్, పాల్ స్లోవిక్ అని ముగ్గురు 2007లో అచ్చువేసిన పరిశోధన అట. ఒక ఫారం నింపినందుకు మనిషికి 5 డాలర్లు ఇచ్చి, అందులోంచి ఆకలి సహాయానికి ఎంతైనా ఇవ్వొచ్చన్నారు. కొందరికి మాలి దేశపు ఏడేళ్ల అమ్మాయి సంగతి ఒక్కటే చెప్పారు. వాళ్లు సగటున 2.38 డాలర్లు ఇచ్చారు. కొందరికి ఆఫ్రికాలో ఎన్ని లక్షల మందికి తిండి కరువైందో అంకెలు చెప్పారు. వాళ్లు ఇచ్చింది 1.14. మూడో గుంపుకు అమ్మాయినీ చూపించారు, అంకెలూ చెప్పారు. రెండూ కలిస్తే ఎక్కువ రావాలి కదా, వచ్చింది 1.43 మాత్రమే. "అంకె పక్కన పెడితే పిల్ల కూడా అంకెలో కలిసిపోతుంది అత్తా" అంది.

అంకెలు అసలు వద్దని చెప్పడం లేదు. ఎంత డబ్బు, ఏ వస్తువు, ఏ తేదీ అనే అంకెలు తప్పకుండా ఉండాలి. సమస్య ఎంత పెద్దదో చూపించే అంకెలను మాత్రం పక్కన పెట్టండి. సమస్య కొండంత అని చెప్పే కొద్దీ, నా ఐదొందలతో ఏమవుతుందిలే అనిపిస్తుంది.

మనిషిని పరిచయం చేసేటప్పుడు గుణాలు రాయొద్దు. "చాలా తెలివైన, కష్టపడే విద్యార్థిని" అని రాస్తే వెయ్యి మంది పిల్లల్లో ఎవరైనా కావచ్చు. పంచాంగం చదివిన పిల్ల ఒక్కతే ఉంటుంది.

పళ్లెం ఎప్పుడు తిప్పాలి

మాదీ పుత్తూరు పక్కన పల్లెటూరే. ఉమ్మడి చిత్తూరు జిల్లా వాళ్లకు భారతం అంటే పుస్తకం గుర్తుకు రాదు, ద్రౌపదమ్మ గుడి ముందు వేసిన పందిరి గుర్తుకొస్తుంది. మా ఊర్లో 18 రోజులు జరుగుతుంది. మధ్యాహ్నం హరికథ, రాత్రి నాటకం, అర్జున తపస్సు, దుర్యోధన వధ, చివర అగ్నిగుండం. మా మేనమామ హరికథకు మృదంగం వాయించేవాడు. కథ మధ్యలో భాగవతార్ ఆగుతాడు, పళ్లెం తిరుగుతుంది, చదివింపులు మొదలవుతాయి. "ఫలానా ఊరు, ఫలానా వారు, తమ తండ్రి గారి జ్ఞాపకార్థం నూటపదహార్లు" అని మైకులో చదువుతారు.

ద్రౌపది ఏడ్చే ఘట్టంలో పళ్లెం తిప్పితే ఎక్కువ వస్తుంది కదా అని చిన్నప్పుడు మామను అడిగాను. "ఏడుపు కాడ తిప్పితే చిల్లర పడుతుంది పాపా. అర్జునుడు మాను ఎక్కేదానికి ముందు తిప్పాల" అన్నాడు. తపస్సు మాను అంటే చాలా ఎత్తు ఉంటుంది. పద్యం పాడుకుంటూ ఒక్కో మెట్టే ఎక్కుతాడు. పైకి చేరాక నిమ్మకాయలు, విభూతి కిందికి విసురుతాడు. పిల్లలు లేని ఆడవాళ్లు తడి బట్టలతో కింద వేచి ఉంటారు. ఎక్కబోయే ముందు అందరి కళ్లూ పైనే ఉంటాయి. ఆ పని జరగాలని ఊరంతా కోరుకునే క్షణం అది.

పేజీ చివరి పేరా రాసేటప్పుడు నాకు ఇదే మనసులో ఉంటుంది. కష్టం దగ్గర కథ ఆపి "సాయం చేయండి" అంటే, చదివినవాళ్లు అయ్యో అనుకుని ఊరుకుంటారు. తర్వాత జరగాల్సిన పని ఏమిటో చూపించి అక్కడ ఆపండి. "జూన్ 5న నాలుగో కంతు కట్టాలి. మూడింటికి డబ్బు సమకూరింది." "కొత్త బీరువా వచ్చేసింది. పుస్తకాలు కొనాలి. ఒక పిల్లకు ఏడాది సరిపడా పుస్తకాలకు 600." ఇట్లా ఒక్కో మెట్టుకూ ఒక ధర ఉండాలి. "మీకు తోచినంత" అంటే ఎంత ఇవ్వాలో తోచదు. చందా పుస్తకం చేతికిస్తే మనం ఏం చేస్తాం? పై వరసలో ఎవరు ఎంత రాశారో చూసి మనమూ రాస్తాం కదా.

అందుకే ఖాళీ పేజీని ఊరిమీద వదలొద్దు. లింకు అందరికీ పంపేముందు మీ సొంతవాళ్ల చేత మొదటి చదివింపులు వేయించండి. మేనమామ, చిన్నాయన, పాత యజమాని, అన్న పనిచేసే ఆటో స్టాండు. వంద రూపాయలైనా పర్వాలేదు, పేరు ఉండాలి. సొంత మనుషులే ఇవ్వనిది మేమెందుకు ఇవ్వాలి అని కొత్తవాళ్లు అనుకుంటారు, అందులో తప్పేమీ లేదు.

పేరు చదవడంలో ఉన్న బలం మన ఊళ్లకే తెలుసనుకోకండి. న్యూయార్క్‌లో స్వేచ్ఛా విగ్రహం నిలబెట్టే పీఠానికి డబ్బు చాలక పని ఆగిపోయినప్పుడు, 1885లో జోసెఫ్ పులిట్జర్ తన పత్రికలో చందా అడిగాడు. ఎంత చిన్న మొత్తం ఇచ్చినా పేరు అచ్చువేస్తానన్నాడు. నెలల్లోనే లక్ష డాలర్లకు పైగా వచ్చింది. ఇచ్చినవాళ్లలో ఎక్కువమంది ఒక్క డాలరు కూడా నిండా ఇవ్వలేనివాళ్లు. మన దేశంలోనూ 1976లో గుజరాత్ పాల రైతులు 5 లక్షల మంది తలా 2 రూపాయలు వేసుకుని ఒక హిందీ సినిమా తీయించారు. కాబట్టి వంద ఇచ్చిన వాళ్ల పేరు కూడా పెట్టి థ్యాంక్స్ చెప్పండి. పేరు వద్దన్నవాళ్లది మాత్రం పొరపాటున కూడా బయటపెట్టొద్దు.

కలంకారీ వాళ్ల పేజీ

వస్తువు తయారు చేసేవాళ్లకు ఇంకో రకం కథ కావాలి. ఇక్కడ డబ్బు ఇచ్చేవాళ్లు జాలితో ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. బదులుగా ఒక వస్తువు తీసుకుంటారు.

శ్రీకాళహస్తి కుటుంబం వాళ్లు రాసుకొచ్చిన మేటరు "వేల ఏళ్ల చరిత్ర గల ప్రాచీన కళను కాపాడండి" అని మొదలైంది. కళను కాపాడమంటే ఎవరు కాపాడాలి, ఏం చేసి కాపాడాలి? మీకు ఇబ్బంది ఎక్కడుందో చెప్పమంటే పెద్దాయన ఒక్క మాటలో తేల్చేశాడు: "నీళ్లమ్మా."

అర్థం కాక వాళ్ల ఇంటికి పోయి చూసొచ్చాను. గుడ్డను కరక్కాయ రసం, గేదె పాలు కలిపిన దాంట్లో నానబెట్టి ఆరేస్తారు. పాలలోని కొవ్వు వల్ల కలం పెట్టిన చోట గీత చెదరదు. కలం అంటే వెదురు పుల్ల, దానికి చుట్టిన ఉన్ని. నల్ల గీతకు కసిమి. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రెండు మూడు వారాలు మురగబెడితే వస్తుంది, మూత తీస్తే ముక్కు మూసుకోవాలి. ఎరుపు పట్టాల్సిన చోట పటిక నీళ్లు పూస్తారు. ఆ తర్వాత ఉతకాలి, అదీ పారే నీళ్లలోనే. నిలవ నీళ్లలో ముంచితే ఒక చోటి పటిక, రంగు ఇంకో చోటికి అంటుకుని బొమ్మ పాడవుతుంది. మా స్వర్ణముఖి ఏటిలో ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసకే కనబడుతుంది. నీళ్లున్న చోటు వెతుక్కుంటూ తడి గుడ్డల మూటలు ఆటోలో వేసుకుని పోతున్నారు.

వాళ్లకు కావాల్సింది రెండు సిమెంటు తొట్లు, ఒక మోటారు, పైపులు. ఒక పక్క నీళ్లు పడి ఇంకో పక్క పోయేట్టు కడితే ఏటి పని తొట్టి చేస్తుంది. ఖర్చు 1,60,000.

ఇప్పుడు మొదటి వాక్యం చూడండి: "మా వాకిట్లో గుడ్డ ఆరేస్తే పాల వాసనకు ఈగలు ముసురుతాయి. వాటిని తోలడానికి మా మనవడు తువ్వాలు పట్టుకుని కూర్చుంటాడు." ఇది నేను అల్లింది కాదు. నేను పోయిన రోజు ఆ పిల్లోడు అదే పని మీద ఉన్నాడు, ఒక చేత్తో తువ్వాలు, ఇంకో చేత్తో సెల్‌ఫోను. అక్కడి నుంచి పాలు ఎందుకు, కసిమి ఎందుకు, ఉతకడం ఎందుకు అని నడిచి, ఏటి ఇసక దగ్గరికి, అక్కడి నుంచి తొట్టి దగ్గరికి వచ్చాము. జీఐ ట్యాగ్, అంటే ఈ పని ఈ ఊరిదేనని ప్రభుత్వం ఇచ్చిన గుర్తింపు, ఉన్న సంగతి ఒక్క లైనులో కింద పెట్టాము. అది రుజువుగా బాగుంటుంది, మొదటి వాక్యంగా బాగుండదు.

బదులు ఇచ్చే వస్తువుల దగ్గర జాగ్రత్త. 1,500 ఇచ్చినవాళ్లకు చేత్తో గీసిన చిన్న గుడ్డ ముక్క ఇస్తామన్నారు. ఆ ముక్కకు గుడ్డ, రంగు, కూలీ కలిపి 700, ప్యాకింగు, కొరియరు ఇంకో 100. అంటే తొట్టికి మిగిలేది 700, అందులోనే సైటు ఫీజు కూడా పోవాలి. వంద మంది ఇస్తే లక్షన్నర వచ్చిందని సంబరపడతాం, తొట్టికి డెబ్బై వేలు కూడా దక్కదు. కాబట్టి బదులు ఏమీ అడగని 300, 500 మెట్లు కూడా పెట్టాము, పెద్ద మెట్టు ధర పెంచాము. దసరాకల్లా పంపిస్తామని వాళ్లు రాయబోతే ఆపాను. వానలు పట్టుకుంటే గుడ్డ ఆరదు. సంక్రాంతి అని రాసి, ముందే పంపితే మీకే పేరు.

వాటా ఇస్తాం, లాభంలో భాగం ఇస్తాం అని మాత్రం ఎక్కడా రాయొద్దు. అది షేర్ల మార్కెట్‌ను చూసుకునే సెబీ నిబంధనల వ్యవహారం, ఈ సైట్లలో చేసే పని కాదు.

ఫొటోలు, కాగితాలు

మనిషి స్పృహలో లేనప్పుడు తీసిన ఫొటో పెట్టను. ముక్కులో ట్యూబులున్న పిల్లల ఫొటో పెట్టను. ఇంట్లోవాళ్లు బలవంతం చేసినా, రేపు ఆ పిల్ల పెద్దదై ఆ ఫొటో చూస్తే ఏమంటుందో అడుగుతాను. ఇంతవరకు ఎవరూ వాదించలేదు. ఆటో అన్న పేజీకి, కవరు కప్పిన ఆటో పక్కన ఆయన బెల్టు పెట్టుకుని నిలబడ్డ ఫొటో పెట్టాము. కింద "బండి ఇంటి ముందే ఉంది, నేనే ఎక్కలేకున్నా" అని ఆయన మాటే పెట్టాము.

కాగితాలు స్కాన్ చేసేటప్పుడు ఆధార్ నంబరు, ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు నల్లగీతతో కొట్టేయండి. రిపోర్టుల మీద, ఫొటోల మీద పేజీ లింకు అడ్డంగా పడేట్టు వేయండి. ఊరికే వదిలేస్తే ఎవరో ఆ ఫొటోనే తీసుకుని తమ క్యూఆర్ కోడ్ అతికించి తిప్పుతారు. వైద్యం డబ్బయితే నేరుగా ఆసుపత్రి ఖాతాకు పోయే ఏర్పాటు ఉందేమో సైటును అడగండి. ఉంటే ఆ మాట పేజీలో రాయండి, నమ్మకం పెరుగుతుంది.

వాట్సాప్‌లో పంపే ముక్క

పేజీ ఎంత బాగా రాసినా జనం మొదట చూసేది వాట్సాప్ మెసేజే. "అత్యవసరం!!! అందరికీ షేర్ చేయండి" అంటే ఫేక్ అనుకుంటారు. దండం పెట్టే బొమ్మల వరస కూడా వద్దు. ఇంత చాలు:

"మామా, బాగుండారా. నడుము ఆపరేషన్ అయిన సంగతి మీకు తెలుసు. సెప్టెంబరు దాకా ఆటో తోలకూడదన్నారు. ఆటో కంతులకు డబ్బు సమకూర్చుకుంటున్నా. ఒక కంతు 7,200. అందులో మీకు వీలైనంత వేస్తే చాలు. వివరాలన్నీ ఈ లింకులో ఉన్నాయి."

ఎవరికి పంపుతున్నారో వాళ్ల వరస పెట్టి పిలవండి. గ్రూపుల్లో వేసే ముందు ఒక్కొక్కరికీ విడివిడిగా పంపండి. ఓపిక కావాలి, కానీ గ్రూపులో పడ్డ మెసేజ్‌కు ఎవరో ఒకరు ఇస్తారులే అని అందరూ అనుకుంటారు. టైపు చేయడం రానివాళ్లు వాయిస్ మెసేజ్ పెట్టండి. సొంత గొంతు, సొంత యాస, నిమిషంలోపు. ఆటో అన్న వాయిస్ మెసేజ్‌లో వెనక కుక్కర్ విజిల్ వినబడింది. మళ్లీ రికార్డు చేద్దామన్నాడు, వద్దన్నాను.

పన్నుల సంగతి కొంచెం తెలిసి ఉండాలి. ఇచ్చినవాళ్లకు పన్ను మినహాయింపు తెచ్చే రసీదు (80జీ అని పిలిచేది) ఆ గుర్తింపు ఉన్న ట్రస్టుకు ఇస్తేనే వస్తుంది, మనిషి ఖాతాకు ఇస్తే రాదు. పన్ను మినహాయింపు ఉందని ఊరికే రాయొద్దు. బంధువులు కానివాళ్ల నుంచి ఏడాదిలో వచ్చింది 50,000 దాటితే ఆదాయపు పన్ను లెక్కలోకి రావచ్చు, ఆడిటర్‌ను ఒకసారి అడగండి. అమెరికాలో ఉన్న మనవాళ్లలో ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్లు బ్యాంకు ద్వారా పంపితే విదేశీ నిధి కింద లెక్కకు రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లది 2010 నాటి విదేశీ విరాళాల చట్టం కిందికి వస్తుంది. అట్లాంటివాళ్లు ఇస్తామంటే సైటువాళ్లతో ముందు మాట్లాడుకోండి.

డబ్బు వచ్చాక

చాలామంది ఇక్కడ మాయమైపోతారు. డబ్బు అందిన రోజు నుంచి పేజీ మీద ఉలుకూ పలుకూ ఉండదు. ఇచ్చినవాళ్లకు కథ సగంలో ఆగిపోయినట్టే. మళ్లీ ఏ కష్టానికి అడిగినా వాళ్లు రారు, మీ పక్కింటివాళ్లు అడిగినా రారు.

అప్‌డేట్ అంటే పెద్ద ఉత్తరం అక్కర్లేదు. కంతు కట్టిన రసీదు ఫొటో, రెండు వాక్యాలు. పంతులు గారు పుస్తకాలు వచ్చిన రోజు పెట్టిన అప్‌డేట్: "పుస్తకాలు వచ్చాయి. మా పిల్ల మొదట ఏది తీసుకుంటుందా అని చూశాము. అట్లాసు తీసుకుంది. పంచాంగం నా బల్ల మీదికి తిరిగి వచ్చేసింది." దానికి వచ్చినన్ని జవాబులు అసలు పేజీకి కూడా రాలేదు. చెడ్డ వార్త అయినా చెప్పాలి. తొట్టి కట్టే మేస్త్రీ ఇంకో పనికి పోయి ఆలస్యం చేస్తే కలంకారీ వాళ్లు అదే రాశారు, సగం కట్టిన తొట్టి ఫొటో పెట్టి. ఎవరూ కోప్పడలేదు. ఒకాయన నెల్లూరు నుంచి ఫోన్ చేసి తనకు తెలిసిన మేస్త్రీ నంబరు ఇచ్చాడు.

అనుకున్నదాని కంటే తక్కువ వస్తే ఏది ముందు కడతారో రాయండి. ఆటో అన్న పేజీలో మొదటి నుంచే "ముందు కంతులు, తర్వాత మందులు, మిగిలితే బాడుగ" అని ఉంది. ఎక్కువ వస్తే ఏం చేయాలో కూడా ముందే రాసుకోండి. నిండిన రోజే డొనేషన్ బటన్ ఆపమని సైటుకు మెయిల్ పెట్టండి. మెయిల్ రాయడం రాకపోతే షాపుకు రండి, పది నిమిషాల పని. ఆదివారం మధ్యాహ్నం మాత్రం మూసి ఉంటుంది.